ఎన్‌కోడింగ్ మార్చాక ‘ఊ’ దగ్గర లైను విరగడం, ‘అ’ మాయం కావడం: అసలు ఏం జరుగుతోంది, ఎట్ల సరిచేయాలి

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. హన్మకొండలో విండోస్ కంప్యూటర్ మీద ఎక్సెల్‌లో ఊర్ల పట్టిక ఉంది. కాలమ్‌లు: క్ర.సం., ఊరు, మండలం, చిరునామా, జిల్లా. దాన్ని ‘యూనికోడ్ టెక్స్ట్’గా సేవ్ చేసి, లినక్స్ సర్వర్‌లో ఐకాన్వ్ అనే కోడ్ మార్చే ఆదేశంతో యూటీఎఫ్-8లోకి (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి) మార్చి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కూ పీహెచ్‌పీ భాషలో రాసిన ఒక వెబ్ పేజీకీ ఇచ్చారు. సరిచేసిన పట్టికను మళ్లీ యూటీఎఫ్-16లోకి (అట్లాంటిదే ఇంకో పద్ధతి) మార్చి, సెడ్ అనే టెక్స్ట్ దిద్దే ఆదేశంతో లైను చివరలు విండోస్ పద్ధతికి తెచ్చి, ఆఫీసుకు పంపారు. మీకు వచ్చిన తిప్పలు మూడు. జిల్లా కాలమ్‌లో ‘హన్మకొండ’ అని కనిపిస్తున్నా వెతికితే దొరకడం లేదు. పీహెచ్‌పీ పేజీలో ‘అన్నారం’ అన్న ఊరు ‘న్నారం’ అయి కొత్త లైనులో పడుతోంది. ఆఫీసుకు పంపిన ఫైలులో శీర్షిక నుంచే డబ్బాలు, చైనా అక్షరాలు, మళ్లీ మధ్యలో కొన్ని లైన్లు మంచిగనే ఉంటున్నాయి.

ఐకాన్వ్ తప్పు ఏమీ లేదు. ఫాంటు గొడవ అంతకన్నా కాదు. అక్షరాల కోడ్ మార్చడం ఒక పని, లైను చివరలు మార్చడం ఇంకో పని. ఐకాన్వ్ మొదటిదే చేస్తుంది, రెండోదాని జోలికి పోదు. ఆ రెండో పనిని మీరు అక్షరాల మీద కాకుండా బైట్ల మీద చేశారు, అదీ యూటీఎఫ్-16లో ఉన్నప్పుడు. మూడు తిప్పల్లో పెద్దది అక్కడ పుట్టింది.

ఇక్కడ అన్ని బైట్లనూ దశాంశంలోనే రాస్తాను. లైన్ ఫీడ్ అంటే 10, క్యారేజ్ రిటర్న్ అంటే 13. లినక్స్‌లో, ఇప్పటి మ్యాక్‌లో లైను చివర ఒక్క 10 ఉంటుంది. విండోస్‌లో 13, దాని వెంట 10. మ్యాక్ ఓఎస్ 9 వరకు పాత మ్యాక్‌లలో ఒక్క 13. ఇది అందరికీ తెలిసిందే. చాలామంది మరిచేదేంటంటే యూటీఎఫ్-16లో ప్రతి గుర్తూ కనీసం రెండు బైట్లు తీసుకుంటుంది. కాబట్టి అక్కడ విండోస్ లైను చివర 13 10 కాదు, 13 0 10 0. ఎక్సెల్ ఇచ్చే ‘యూనికోడ్ టెక్స్ట్’ సరిగ్గా ఇదే: చిన్న బైటు ముందు వచ్చే యూటీఎఫ్-16, మొదట్లో బైట్ల వరస చెప్పే 255 254 అనే గుర్తు, కాలమ్‌ల మధ్య ట్యాబ్.

తెలుగు అక్షరాల కోడ్‌లు యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు. యూటీఎఫ్-16లో రాస్తే ప్రతి తెలుగు అక్షరానికీ రెండో బైటు 12 అవుతుంది, మొదటి బైటు ఆ అక్షరాన్ని బట్టి మారుతుంది. ‘ఊ’ కోడ్ 3082. అంటే 12 సార్లు 256, పైన 10. యూటీఎఫ్-16లో ‘ఊ’ను రాస్తే బైట్లు 10 12 అన్నమాట. తెలుగు అక్షరమాల మొత్తంలో లైన్ ఫీడ్ బైటును మోసేది ‘ఊ’ ఒక్కటే. 13 రావాల్సిన స్థానం తెలుగులో ఖాళీగా ఉంది, అంతవరకు అదృష్టమే. పంజాబీ వాళ్ల గురుముఖి అయితే మొత్తం అక్షరాలకూ ఒక బైటు 10, మలయాళానికి మొత్తం 13. మనకు ఒక్క ‘ఊ’తో పోయింది, కాని మీ పట్టికలో రెండో కాలమ్ పేరే ‘ఊరు’!

ఇప్పుడు ‘ఊరు’ అన్న మాటను దగ్గరగా చూడండి. ఊ, ర, కొమ్ము, ఈ మూడు కోడ్‌లు:

10 12   48 12   65 12

మీ సెడ్ ఆదేశం చేసేది ‘ప్రతి లైను చివర 13 చేర్చు’ అన్న పని. సెడ్‌కు యూటీఎఫ్-16 అంటే ఏమిటో తెలీదు. 10 కనబడితే చాలు, లైను అయిపోయిందనుకుంటుంది. ‘ఊ’లోని 10కి ముందు 13 పెట్టింది:

13 10   12 48   12 65   12 …

ఒక్క బైటు అదనంగా చేరేసరికి జంటలన్నీ పక్కకు జరిగాయి. 13 10 అనే జంట గురుముఖి భాగంలో ఏ అక్షరమూ లేని స్థానం, అందుకే డబ్బా. 12 48 అనేది చైనా, జపాన్ రాతల్లో వాడే మూల కొటేషన్ గుర్తు. 12 65 ఒక చైనా అక్షరం. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో శీర్షికలో కనిపించిన వరస అచ్చం ఇదే.

మరి మధ్యలో కొన్ని లైన్లు మంచిగ ఎందుకున్నాయి? ‘ఊ’ లేని లైన్లనే తీసుకోండి. మొదటి లైను చివర 10 0 ఉండేది 13 10 0 అయింది, రెండో లైను ఒక బైటు జరిగి చెడింది. రెండో లైను చివర ఇంకో 13 చేరింది, జరిగింది ఇప్పుడు రెండు బైట్లు, అంటే జంట మళ్లీ కుదిరింది. మూడో లైను శుభ్రంగా కనబడుతుంది. నాలుగోది మళ్లీ పాడు. ఒక లైను విడిచి ఒక లైను చైనా అక్షరాలు అంటే నూటికి తొంభై పాళ్లు ఇదే జబ్బు. ఇంకో ఆనవాలు కూడా ఉంది: పాడైన లైను తెలుగు అక్షరంతో ముగిస్తే, దాని చివర 12 13 అనే జంట తయారై ఒక మలయాళం అక్షరం కనిపిస్తుంది. తెలుగు పట్టికలో మలయాళం ఎక్కడి నుంచి వచ్చిందని తల పట్టుకునే పని లేదు. మధ్యలో ‘ఊకల్’ లాంటి పేరు తగిలితే ఈ సరి బేసి లెక్క ఆ లైను నడుమనే తిరగబడుతుంది. అందుకే మీకు వరుస లేకుండా కనబడింది.

సెడ్ ఒక్కటే కాదు, ఇదే నష్టం ఇంకొన్ని దారుల్లో వస్తుంది. ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీలో ‘ఆస్కీ’ (టెక్స్ట్) పద్ధతిలో లినక్స్ నుంచి విండోస్‌కు ఫైలు దింపితే అది ప్రతి 10నీ 13 10 చేస్తుంది. విండోస్‌లో సీ భాషలో రాసిన ప్రోగ్రాం ఫైలును మామూలు టెక్స్ట్ పద్ధతిలో తెరిచి, అప్పటికే యూటీఎఫ్-16గా మార్చిన బైట్లు అందులోకి రాసినా అంతే. విండోస్ మీద పెర్ల్‌లో ఎన్‌కోడింగ్ పొర కింద లైను చివరలు మార్చే పొర ఉండిపోతే అదే ఫలితం. ఏ దారైనా సూత్రం ఒకటే: కోడ్‌లోకి మార్చాక లైను చివరలు ముట్టుకున్నారు. ముట్టుకోవాల్సింది దానికి ముందు.

ఇప్పటికే పాడైన ఫైలు పారేయకండి. తెలుగు, ఇంగ్లిష్, అంకెలు మాత్రమే ఉన్న యూటీఎఫ్-16 ఫైలులో, మొదట్లోని 255 254 గుర్తును పక్కన పెడితే, రెండో బైట్లు 0, 12, అక్కడక్కడా 32 తప్ప వేరేవి రావు. కాబట్టి 13, 10 పక్కపక్కనే రావడం మంచి ఫైలులో జరగదు; విండోస్ లైను చివరలో కూడా వాటి మధ్య 0 ఉంటుంది. అంటే పైథాన్‌లో ఫైలును బైట్లుగా చదివి, పక్కపక్కన ఉన్న ప్రతి 13 10 జంటనూ ఒక్క 10గా మార్చి, ఫైలు చిట్టచివర సెడ్ అంటించిన ఒంటరి 13 ఉంటే దాన్నీ తీసేసి, బైట్లుగానే రాస్తే ఫైలు పూర్తిగా మొదటికొస్తుంది. ‘ఊ’లు కూడా వాటంతట అవే సర్దుకుంటాయి. ఇది చిన్న బైటు ముందు వచ్చే రకానికి, తెలుగు డేటాకు చెప్పిన మాట. మలయాళం పేర్లు కలిసిన పట్టికకు వాడకండి, అక్కడ అక్షరంలోని 13 తర్వాత లైను చివరి 10 న్యాయంగానే పక్కన పడొచ్చు.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకొకటి, 13లను తీసేయడానికి యూటీఎఫ్-16 ఫైలు మీద టీఆర్ (బైట్లను మార్చే, తీసేసే ఆదేశం) వాడడం. అది 13ను మింగి దాని జత 0ను వదిలేస్తుంది, మళ్లీ జంటలు జరుగుతాయి. దీన్ని బాగుచేయడం పెద్ద చిక్కు, మూలం ఫైలు దగ్గరికే పోవడం నయం. సెడ్‌తో ‘లైను చివరి 13 తీసెయ్’ అంటే మాత్రం యూటీఎఫ్-16లో ఏమీ జరగదు, ఎందుకంటే 10కి ముందున్నది 13 కాదు, 0. ఆదేశం పని చేసినట్టే అనిపిస్తుంది, ఫైలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

లైన్లు లెక్కపెట్టడంలోనూ ‘ఊ’ వేలు పెడుతుంది. యూటీఎఫ్-16 ఫైలు మీద డబ్ల్యూసీతో లైన్లు లెక్కిస్తే అది 10 బైట్లను లెక్కిస్తుంది. 200 వరుసల పట్టికలో 14 ‘ఊ’లు ఉంటే 214 చూపిస్తుంది. ‘మార్చాక వరుసలు తగ్గాయి’ అని కంగారు పడేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇగ రెండో తిప్ప, ‘అన్నారం’. ఇక్కడ యూటీఎఫ్-16తో సంబంధం లేదు, ఫైలు అప్పటికే యూటీఎఫ్-8లో ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. మొదటిది 224, రెండోది 176 లేదా 177, మూడోది 128 నుంచి 191 లోపు. ఈ కోడ్‌లో గొప్ప సుగుణం ఒకటుంది: 128 కన్నా చిన్న బైటు ఎప్పుడూ ఇంకో అక్షరంలో ముక్కగా రాదు. 10 కనిపిస్తే అది నిజంగా లైన్ ఫీడే, 13 కనిపిస్తే క్యారేజ్ రిటర్నే. అందుకే లైను చివరల పని ఏదైనా యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు చేస్తే సెడ్‌తో కూడా ప్రమాదం లేదు.

అయితే కొత్త లైను గుర్తులు 10, 13తో అయిపోలేదు. 133 అని ఇంకోటి ఉంది, ‘నెక్స్ట్ లైన్’ అంటారు, పాత మెయిన్‌ఫ్రేమ్‌ల (పెద్ద సంస్థల భారీ కంప్యూటర్ల) నుంచి వచ్చింది. మీ పీహెచ్‌పీ పేజీలో టెక్స్ట్‌ను లైన్లుగా విడగొట్టడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) బ్యాక్‌స్లాష్ పెద్ద ఆర్ వాడారు. దానర్థం ‘ఏ రకం లైను చివర అయినా’. చివర చిన్న యూ అక్షరం పెట్టి ఇది యూటీఎఫ్-8 అని చెప్పకపోతే, అది ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చూసి 133 బైటును కూడా లైను చివర అనుకుంటుంది. ‘అ’ను యూటీఎఫ్-8లో రాస్తే 224 176 133. ఆ మూడోది పోయింది, ముందు రెండు బైట్లు పై లైను చివర విరిగిన డబ్బాగా మిగిలాయి, ‘న్నారం’ కొత్త లైనులో పడింది. మళ్లీ చూడండి, తెలుగులో 133తో ముగిసేది ‘అ’ ఒక్కటే. ‘ఆత్మకూరు’ బతికిపోయింది, దాని ‘ఆ’ మూడో బైటు 134. అందుకే ఇది పరీక్ష డేటాలో దొరకదు, అసలు జనం పేర్లు ఎక్కించాక అశోక్, అనిత, అంజయ్య దగ్గర బయటపడుతుంది.

సరిచేయడం చిన్న పని: ఎక్స్‌ప్రెషన్ చివర ఆ చిన్న యూ చేర్చండి. నా సలహా అయితే పెద్ద ఆర్‌నే తీసేసి ‘13 10, లేదంటే 10, లేదంటే 13’ అని విడమర్చి రాయండి. పట్టికల డేటాకు ఆ మూడూ చాలు. మిగతా గుర్తులను లైను చివరలుగా తీసుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ. పైథాన్‌లో స్ప్లిట్‌లైన్స్ కూడా ఇదే ధోరణి. యూనికోడ్ టెక్స్ట్ మీద అది 10, 13తో ఆగదు. 11, 12, 28 నుంచి 30 వరకు, 133, 8232, 8233 అన్నింటి దగ్గరా తెంపుతుంది. అదే పైథాన్‌లో ఫైలును లైను తర్వాత లైను చదివితే 10, 13, 13 10 మాత్రమే చూస్తుంది. ఒకే ఫైలుకు రెండు పద్ధతుల్లో వరుసల లెక్క తేడా వచ్చిందంటే ఈ గుర్తుల్లో ఏదో దాక్కుని ఉందన్నమాట.

ఆ 133 మీ డేటాలోకి ఇంకో దారిలో కూడా రావొచ్చు, పాత ఇంగ్లిష్ ఫైళ్లుంటే చూసుకోండి. విండోస్-1252 కోడ్‌లో 133 అంటే మూడు చుక్కల గుర్తు. ఐఎస్ఓ-8859-1లో అదే 133 నెక్స్ట్ లైన్. వర్డ్‌లో మూడు చుక్కలు కొడితే అది తనంతట తానే ఒక్క గుర్తుగా మారుస్తుంది. అట్లాంటి ఫైలును ఐకాన్వ్‌కు ‘8859-1’ అని చెప్పి ఇస్తే చుక్కలు పోయి కనిపించని లైను చివరలు మిగులుతాయి. విండోస్‌లో పుట్టిన పాత ఫైలుకు ఎప్పుడూ విండోస్-1252 అనే చెప్పండి. బ్రౌజర్లు కూడా 8859-1 అని ఉన్న పేజీలను 1252గానే చదువుతాయి. 1252లో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలు ఖాళీ, అవి తగిలితే ఐకాన్వ్ ఆగిపోతుంది. ఆగితే మంచిదే, అక్కడ చూడమని అర్థం. ‘చదవలేనివి వదిలెయ్’ అనే సీ ఆప్షన్ మాత్రం ఇవ్వకండి, అది చప్పుడు లేకుండా అక్షరాలు మింగుతుంది.

అను ఫాంట్లలో టైపు చేసిన పాత డీటీపీ ఫైళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. కంప్యూటర్ దృష్టిలో అవి తెలుగు కాదు, 8 బిట్ల ఇంగ్లిష్ గుర్తులు, పైన తెలుగు బొమ్మలు. మార్చే సాధనానికి ఇచ్చే ముందు లైన్లు కలపండి. తలకట్టు ఒక కోడ్, ఒత్తు ఒక కోడ్ కాబట్టి, మధ్యలో ఎవరైనా ఎంటర్ కొట్టి ఉంటే అక్షరానికీ దాని ఒత్తుకూ నడుమ లైను చివర పడి, మార్చాక రెండు ముక్కలూ తప్పుగా వస్తాయి. వర్డ్ నుంచి సాదా టెక్స్ట్‌గా సేవ్ చేసేటప్పుడు ‘లైన్ బ్రేక్‌లు చేర్చు’ అన్న గడి టిక్ చేయకండి. వర్డ్‌లో షిఫ్ట్ ఎంటర్ అనేది 11, పేరా చివర 13, ఈ తేడా గుర్తుంచుకుంటే సగం పని తేలిక.

మొదటి తిప్ప, దొరకని ‘హన్మకొండ’, అన్నింటికంటే సాదాది. ఎక్సెల్ వరుస చివర 13 10 పెట్టింది. ఐకాన్వ్ దాన్ని అట్లనే ఉంచింది. మైఎస్‌క్యూఎల్ లోడ్ డేటా ఆదేశం, ఏమీ చెప్పకపోతే, లైను చివర ఒక్క 10 అనుకుంటుంది. 13 చివరి కాలమ్‌కు అంటుకుపోయింది. కంటికి ‘హన్మకొండ’, డేటాబేస్‌కు ‘హన్మకొండ’ ప్లస్ 13. ఆదేశంలో లైను చివర 13 10 అని చెప్పండి, లేదంటే ముందే శుభ్రం చేయండి. ఇప్పటికే ఎక్కిన వరుసలను మళ్లీ ఎక్కించకుండా, చివరి కాలమ్ నుంచి 13ను తీసేసే ఒక అప్‌డేట్ చాలు. మైఎస్‌క్యూఎల్ లోడ్ డేటా యూటీఎఫ్-16 ఫైలును నేరుగా తీసుకోదు, కాబట్టి యూటీఎఫ్-8 దశ ఎట్లాగూ తప్పదు.

చిరునామా కాలమ్ గురించి మీరు అడగలేదు గాని, తర్వాత అడుగుతారు. ఎక్సెల్ గడిలో ఆల్ట్ ఎంటర్ కొడితే లోపల ఒక్క 10 పడుతుంది. వరుస చివర 13 10. సేవ్ చేసినప్పుడు ఆ గడి చుట్టూ కొటేషన్ గుర్తులు వస్తాయి. అంటే మీ ఫైలులో ఒంటరి 10 అంటే గడిలోపలి విరుపు, 13 10 అంటే వరుస చివర. ఈ తేడా ఉన్నంతవరకే మీకు ఆధారం. ముందే అన్నింటినీ 10 చేసేస్తే ఆ ఆధారం పోతుంది, ఇక కొటేషన్లను నమ్ముకోవాలి. ఎక్సెల్‌లోనే తీసేయడం అన్నిటికంటే మేలు: వెతుకు-మార్చు పెట్టెలో కంట్రోల్ జే కొడితే గడిలోపలి విరుపు దొరుకుతుంది, దాని బదులు కామా, ఖాళీ పెట్టండి. పైథాన్‌తో చదివితే సీఎస్‌వీ మాడ్యూల్‌నే వాడండి, ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ విలువ ఖాళీ స్ట్రింగ్ ఇవ్వండి. అట్ల ఇవ్వకుండా విండోస్‌లో రాస్తే 13 10 కాస్తా 13 13 10 అయి, ప్రతి వరుస కింద ఒక ఖాళీ వరుస కనిపిస్తుంది.

‘కనిపించని అక్షరాలు తీసేద్దాం’ అని 8192 నుంచి 8239 వరకు మొత్తం ఊడ్చేసే చిట్కా ఒకటి తిరుగుతోంది. తెలుగు డేటా మీద వాడకండి. అందులో 8232, 8233 అనే లైను, పేరా గుర్తులు ఉన్న మాట నిజమే. వాటితో పాటే 8204 కూడా ఉంది, పొల్లును విడిగా నిలబెట్టే గుర్తు అది. దాన్ని తీస్తే ‘వరంగల్‌లో’ కాస్తా ‘వరంగల్లో’ అవుతుంది. తీయాలంటే 8232, 8233 రెండింటినే పేరు పెట్టి తీయండి.

ఇప్పుడు మొత్తం పని ఏ వరసలో చేయాలో చెప్తాను. ముందు మూలం ఫైలుకు నకలు. ఆపైన ఓడీ ఆదేశంతో మొదటి 64 బైట్లు దశాంశంలో చూడండి. 255 254తో మొదలై, ఒకటి విడిచి ఒకటి 12 కనబడితే తెలుగు యూటీఎఫ్-16. 239 187 191తో మొదలైతే గుర్తు ఉన్న యూటీఎఫ్-8. 224 176, 224 177 మళ్లీ మళ్లీ వస్తే యూటీఎఫ్-8 తెలుగు. 195 160 194 176 అని వస్తుంటే ఎవరో అప్పటికే యూటీఎఫ్-8ను 8859-1 అనుకుని ఇంకోసారి మార్చారు. అట్లాంటి దాన్ని వెనక్కి తిప్పవచ్చు, కాని మధ్యలో ఏ ఎడిటరైనా 133ను లైను చివరగా మార్చి ఉంటే ‘అ’లు తిరిగి రావు, వాటి మూడో బైటే లేదు.

తర్వాత ఐకాన్వ్. మూలం ‘యూటీఎఫ్-16’ అని ఇవ్వండి, ‘యూటీఎఫ్-16ఎల్‌ఈ’ అని కాదు. మొదటిది 255 254 గుర్తును చదివి తీసేస్తుంది. రెండోది దాన్ని ఒక అక్షరంగా ఉంచి యూటీఎఫ్-8లోకి తీసుకొస్తుంది, అప్పుడు మొదటి కాలమ్ పేరు ‘క్ర.సం.’తో సరిపోలదు. మండలానికో ఫైలు ఉంటే ఒక్కోదాన్ని విడిగా మార్చాకే కలపండి, ముందే క్యాట్‌తో కలిపితే ఆ గుర్తులు ఫైలు మధ్యలో ఇరుక్కుంటాయి. కలిపేముందు ప్రతి ఫైలు చివరి బైటు 10 అవునా కాదా చూడండి. నోట్‌ప్యాడ్‌లో సరిదిద్దిన ఫైళ్లలో అది ఉండకపోవచ్చు. అప్పుడు పర్కాల చివరి ఊరూ నర్సంపేట మొదటి ఊరూ ఒకే వరుసలో అతుక్కుంటాయి.

యూటీఎఫ్-8లోకి వచ్చాక మూడు లెక్కలు తీయండి: 13లు ఎన్ని, 10లు ఎన్ని, 13 10 జంటలు ఎన్ని. మూడూ సమానమైతే శుద్ధమైన విండోస్ ఫైలు. 10లు ఎక్కువుంటే గడిలోపలి విరుపులు, లేదా రెండు రకాల ఫైళ్లు కలిశాయి. 13లు ఎక్కువుంటే 13 13 10 గాని, పాత మ్యాక్ లైన్లు గాని. ఇది తేలాకే మార్చండి, లైను చివరి 13ను మాత్రమే తీయండి. సెడ్‌తో చేయొచ్చు, ఇక్కడ భయం లేదు. లైను చివరలు మార్చే డాస్‌టుయూనిక్స్ ఆదేశం ఉంటే ఇంకా సుఖం, అది మొదట్లో 255 254 ఉన్న యూటీఎఫ్-16ను గుర్తుపట్టి, లినక్స్‌లో లొకేల్ (భాష, కోడ్ అమరిక) యూటీఎఫ్-8 అయితే కోడ్‌నూ లైను చివరలనూ ఒకేసారి సరిచేస్తుంది.

వెనక్కి పంపేటప్పుడు ఇదే తిరగేసి: యూటీఎఫ్-8లో ఉండగానే 10ని 13 10 చేయండి, తర్వాతే ఐకాన్వ్. గమ్యం ‘యూటీఎఫ్-16’ అంటే మామూలు ఇంటెల్ సర్వర్ మీద చిన్న బైటు ముందున్న రకం, మొదట్లో గుర్తుతో సహా వస్తుంది. ‘యూటీఎఫ్-16ఎల్‌ఈ’ అంటే గుర్తు రాదు, ఎక్సెల్ తడబడుతుంది. ఆ తర్వాత ఆ ఫైలును సెడ్‌తో, టీఆర్‌తో ముట్టుకోకండి. ఎస్‌ఎఫ్‌టీపీతో పంపండి, ఎఫ్‌టీపీయే గతి అయితే బైనరీ పద్ధతి పెట్టండి. పైథాన్‌లో అయితే ఇదంతా ఒక్క ఓపెన్‌లో అయిపోతుంది: ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-16, న్యూలైన్ 13 10 అని ఇస్తే, పైథాన్ ముందు అక్షరాల స్థాయిలో లైను చివర మార్చి తర్వాత కోడ్ చేస్తుంది.

విండోస్‌లో ఆదేశాలు ఇచ్చే పవర్‌షెల్ వాడేవాళ్లకు ఒక మాట. దాని 5.1 వెర్షన్‌లో బాణం గుర్తుతో ఫైలులోకి పంపితే యూటీఎఫ్-16 వస్తుంది, 7లో గుర్తు లేని యూటీఎఫ్-8. గెట్-కంటెంట్ లైన్లుగా విడదీస్తుంది, సెట్-కంటెంట్ విండోస్‌లో 13 10తో మళ్లీ కలుపుతుంది. గడిలోపలి ఒంటరి 10లు ఆ దెబ్బతో 13 10 అయిపోతాయి. మొత్తం ఒకే స్ట్రింగ్‌గా చదవమని రా ఆప్షన్, రాసేటప్పుడు నో-న్యూలైన్ ఆప్షన్ ఇస్తే తప్పించుకోవచ్చు.

మెయిన్‌ఫ్రేమ్ నుంచి వచ్చే ఎబ్‌సిడిక్ (వాటి సొంత అక్షరాల కోడ్) ఫైళ్లలో కొత్త లైను 21, లైన్ ఫీడ్ 37. కొన్ని మార్పిడి పట్టికలు 21ని 133 చేస్తాయి, కొన్ని 10 చేస్తాయి. మార్చాక 10లు అసలే లేకుండా 133లు కుప్పగా ఉంటే మొదటి రకం పట్టిక వాడారని అర్థం, యూటీఎఫ్-8లో 194 133 జంటలను 10 చేస్తే సరిపోతుంది.

ఈ ఫైళ్లను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే సాధనం) పెడితే, యూటీఎఫ్-16ను అది బైనరీ అనుకుంటుంది, తేడాలు చూపించదు. 2.18 వెర్షన్ నుంచి గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో వర్కింగ్-ట్రీ-ఎన్‌కోడింగ్ అని పెట్టి, ఈఓఎల్‌ను (లైను చివర) సీఆర్ఎల్ఎఫ్ (13 10) అని చెప్తే, లోపల యూటీఎఫ్-8గా దాచి, బయటికి యూటీఎఫ్-16గా ఇస్తుంది.

ఆఫీసుకు పంపేముందు రెండు పరీక్షలు పెట్టుకోండి. యూటీఎఫ్-16 ఫైలు సైజు బైట్లలో సరి సంఖ్య కావాలి, బేసి అయితే అప్పుడే పాడైనట్టు. సరి సంఖ్య వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు, రెండు తప్పులు కలిసి సరి కావొచ్చు. అందుకే రెండోది: ఆ ఫైలును మళ్లీ యూటీఎఫ్-8లోకి తిప్పి, పంపడానికి ముందున్న యూటీఎఫ్-8 ఫైలుతో సీఎంపీ పెట్టి పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా ఏ స్థానంలోనో చెప్తుంది. పరీక్ష ఫైలులో ‘ఊకల్’, ‘అన్నారం’ పేర్లు, ఆల్ట్ ఎంటర్ ఉన్న ఒక చిరునామా, ‘వరంగల్‌లో’ అన్న మాట తప్పకుండా ఉంచండి.